మూడో తరగతికి వచ్చినా చదవలేని పిల్లాడికి తెలుగు చదవడం నేర్పడం ఎలా

"గుణింతాలు గడగడా అప్పజెప్తాడు. పుస్తకం తెరిచి ఒక్క వాక్యం చదవమంటే దిక్కులు చూస్తాడు. ఏం చేయాలి?" అమ్మానాన్నలూ టీచర్లూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మాటల్లో చురుగ్గా ఉంటాడు, కథ చెబితే మొత్తం గుర్తుంటుంది, చదవడం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాడు. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఉన్నది డిస్లెక్సియా, అంటే చదవడంలో ఇబ్బందిపెట్టే అభ్యసన వైకల్యం. దీనికీ తెలివికీ సంబంధం లేదు. తగ్గించే మందూ లేదు. పనిచేసేది పద్ధతిగా నేర్పడం ఒక్కటే.

కింద చెప్పిన పద్ధతికి మీరు స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచరు) కానక్కర్లేదు. వైకల్యం ఉందో లేదో తేలేదాకా ఆగనక్కర్లేదు కూడా. బడి మానేయడం వల్లో, మీడియం మారడం వల్లో వెనకబడిన పిల్లాడికీ ఇదే పనికొస్తుంది.

ముందు ఈ రెండూ చేయించండి

కంటి పరీక్ష, చెవి పరీక్ష. తరచూ చెవి కారే పిల్లలకు 'ప', 'బ' తేడా సరిగా వినబడకపోవచ్చు. బోర్డు కనబడని పిల్లాడు పక్కవాడి నోటుబుక్కు చూసి రాస్తుంటాడు. ఇవి తేల్చకుండా మొదలుపెడితే నెలలు వృథా అవుతాయి. రంగు కళ్లద్దాలు, కంటి వ్యాయామాలు డిస్లెక్సియాను పోగొడతాయని ఎవరైనా చెబితే డబ్బు ఖర్చు పెట్టకండి. చూపు లోపానికి అద్దాలు కావాలి, అది వేరే విషయం.

కావలసినవి

- చేతిలో ఇమిడే అట్టముక్కలు, నలుపు, ఎరుపు స్కెచ్‌పెన్నులు
- రెండు డబ్బాలు: ఒకటి వచ్చిన అక్షరాలకు, ఒకటి ఇంకా రానివాటికి
- పలక, సుద్దముక్క
- పిల్లాడి తరగతికి రెండు మెట్లు కింద ఉండే కథల పుస్తకం. వాచకం వద్దు, ఎందుకో కింద చెప్తాను
- ఫోన్‌లో స్టాప్‌వాచ్, రాసిపెట్టుకోవడానికి ఒక నోటుబుక్కు
- రోజుకు 20 నిమిషాలు

చివరిదే అన్నిటికంటే కష్టం. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ 20 నిమిషాలు ఎన్నో రెట్లు నయం. పిల్లాడు అలసిపోయి ఉంటే పది నిమిషాలు చేయండి, మానేయకండి.

1. ఎక్కడ ఆగిపోతున్నాడో కనిపెట్టండి

ఈ పని చేయకుండా 'అ ఆ ఇ ఈ' నుంచి మళ్లీ మొదలుపెట్టడమే అందరూ చేసే పొరపాటు. నాలుగు చిన్న పరీక్షలు పెట్టండి. పెట్టేటప్పుడు తప్పులు దిద్దకండి, రాసుకోండి చాలు.

చెవి: పుస్తకం లేకుండా అడగండి. "పలక అనే మాటలో 'ప' తీసేస్తే ఏం మిగిలింది?" 'లక' అనాలి. "మేడలో 'మే' తీసి 'గో' పెడితే?" 'గోడ'. ఇలాంటివి పదిలో ఏడెనిమిది చెప్పలేకపోతే ఇబ్బంది అక్షరాలకంటే ముందే ఉంది.

అక్షరం: అట్టముక్కల మీద రాసి, కలిపేసి, వరస లేకుండా చూపించండి. చూడగానే చెప్పినదే వచ్చినట్టు.

గుణింతం: 'కి', 'తూ', 'పే', 'మో' విడివిడిగా చూపించి పెదాలు గమనించండి. 'క కా కి కీ' అని లోపల గొణుక్కుంటూ వచ్చి చెబితే అతనికి గుణింతం పాటగా వచ్చింది, చదవడం రాలేదు. గడగడా అప్పజెప్పే పిల్లల రహస్యం చాలావరకు ఇదే.

అర్థం లేని మాటలు: 'తిమగు', 'లూబెప', 'గొటిమ', తర్వాత వత్తులతో 'లత్తి', 'పర్గ'. ఇవి ఎక్కడా విని ఉండడు కాబట్టి ఊహించి చెప్పలేడు. వాచకంతో పరీక్షిస్తే మోసపోతాం. క్లాసులో పదిసార్లు విన్న పాఠాన్ని బొమ్మ చూసి ఒప్పజెప్పే పిల్లలు చాలామంది.

ఈ నాలుగింటిలో మొదట ఎక్కడ తడబడ్డాడో ఆ మెట్టు నుంచే మొదలుపెట్టండి. అన్నీ వచ్చి నెమ్మదిగా మాత్రమే చదువుతుంటే నేరుగా 7వ మెట్టుకు వెళ్లండి.

2. నోటితో ఐదు నిమిషాలు

చెవి పరీక్షలో ఇబ్బంది ఉన్నవాళ్లకు మాత్రమే. అక్షరాలు చూపించకండి. 'పుస్తకం' అంటూ మూడు చప్పట్లు కొట్టించండి. మొదటి శబ్దం తీయించండి, మార్పించండి, చివరిది తీయించండి. తర్వాత పొట్టి, పొడుగు తేడా: 'పడు, పాడు', 'కొన, కోన', 'పురి, పూరి'. ఏది పొడుగ్గా ఉందో చేతులు చాపి చూపించమనండి. ఈ తేడా చెవికి పట్టకపోతే దీర్ఘం ఎన్నిసార్లు రాయించినా నిలవదు.

'ద', 'ధ' తేడా కోసం మాత్రం ఇప్పుడే పట్టుబట్టకండి. మనలో చాలామందిమి మాట్లాడేటప్పుడు ఆ తేడా చూపించం. మనమే పలకని తేడాను పిల్లాడు వినలేదని కోప్పడటం న్యాయం కాదు.

3. అక్షరాలు: వరసలో కాదు, గుంపులుగా

యాభై పైచిలుకు అక్షరాలు వరసగా నేర్పాక మాటల్లోకి వెళ్లాలని రూలేమీ లేదు. ఐదు అక్షరాలతో మాటలు మొదలవ్వాలి.

మొదటి గుంపు: ర, గ, ప, ల, క. వీటితోనే 'కల', 'పగ', 'పలక', 'కలప', 'గరక' చదవచ్చు. రెండో గుంపు: మ, డ, న, త. ఇప్పుడు 'తల', 'మడత', 'నడక', 'మరక', 'గడప', 'పడగ' వచ్చేస్తాయి. మొదటివారంలోనే నిజమైన మాట తానే చదివానన్న సంగతి పిల్లాడికి తెలియాలి. వర్ణమాల మొత్తం అయ్యేదాకా ఆగితే అప్పటికి ఆశ వదులుకుంటాడు.

నేర్పే తీరు: పలక మీద అరచేయంత పెద్దగా రాయండి. వేలితో దిద్దుతూ శబ్దం పైకి అనమనండి. ఐదారుసార్లు అయ్యాక కళ్లు మూసుకుని గాల్లో రాయమనండి. తర్వాత అట్టముక్క. మూడు రోజులు వరసగా చూడగానే చెబితే అది 'వచ్చిన' డబ్బాలోకి పోతుంది. ఆ డబ్బాలోవాటిని వారానికోసారి మళ్లీ తీసి చూడాలి, కొన్ని జారిపోతాయి.

హెచ్చరిక: ఒకేలా కనబడే అక్షరాలు ఒకే రోజు నేర్పకండి. ప, వ, ష ఒక గుంపు. వ, మ, య ఇంకొకటి. న, స మరొకటి. ద, ధ, థ, అలాగే బ, భ. ఒకటి గట్టిగా నిలిచాక, కనీసం వారం తర్వాత రెండోది. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఉన్నచోట మాత్రమే ఎర్రరంగు వేయండి: 'మ'కు ఉన్న తోక, 'ధ' కింద గీత, 'థ' మధ్య చుక్క. ఋ, ఙ, ఞ, ఛ, ఝ లాంటివి చివరికి వదిలేయండి. అవి రానందువల్ల ఏ కథా ఆగిపోదు.

4. గుణింతం: అడ్డంగా కాదు, నిలువుగా

'క' గుణింతం మొత్తం, తర్వాత 'గ' గుణింతం మొత్తం, ఇలా పోవడం వల్లే పాటగా వస్తుంది. ఒకే గుర్తు తీసుకుని వచ్చిన అక్షరాలన్నిటికీ పెట్టండి. ఈ వారం దీర్ఘం: కా, రా, లా, మా, తా. మాటలు: 'తార', 'మాల', 'పాక', 'రాక'. వచ్చే వారం గుడి: 'గిలక', 'పిలక', 'మిడత'. ఆ తర్వాత కొమ్ము: 'మునగ', 'నురగ', 'పలుకు', 'తలుపు'. అక్షరం నలుపులో, గుర్తు ఎరుపులో రాయండి. రెండు వారాలయ్యాక అంతా నలుపులోకి మార్చండి, లేకపోతే రంగు మీదే ఆధారపడతాడు.

గుడి, గుడిదీర్ఘం ఒకే వారం పెట్టకండి. ఎత్వం, ఏత్వం కూడా అంతే.

"కకు గుడిస్తే కి" అని పాడించడం అవసరమా అని అడుగుతారు. గుర్తుల పేర్లు మీకు కావాలి, చదవడానికి తంటాలు పడేవాడికి అదొక అదనపు బరువు. 'కి' చూసి 'కి' అంటే చాలు.

కొన్ని చోట్ల లిపే ఇబ్బంది పెడుతుంది. 'పు', 'వు'లకు కొమ్ము మిగతావాటిలా పక్కన అతుక్కోదు. 'వు', 'మ' పిల్లలకు ఒకటే అనిపిస్తాయి. 'మొ, మో', 'యొ, యో' కూడా 'కొ, కో' లాగా ఉండవు. వీటికి విడిగా అట్టముక్కలు చేసి, కొత్త అక్షరాల్లాగే నేర్పండి.

5. కలిపి చదవడం

'ప', 'ల', 'క' విడివిడిగా చెప్పి, ఆఖర్న 'పడవ' అనేస్తాడు. ఇది అజాగ్రత్త కాదు. మూడో అక్షరానికి వచ్చేసరికి మొదటిది జారిపోయింది, ఊహతో పూడ్చుకున్నాడు.

ఒక అట్టకు చిన్న కిటికీ కోయండి. దాన్ని మాట మీద జరుపుతూ ఒక్కో అక్షరమే కనబడనివ్వండి. మధ్యలో ఆగకుండా శబ్దాన్ని సాగదీయమనండి: 'పఅలఅక'. ప్రతి కొత్త అక్షరం దగ్గర మొదటినుంచి అనిపించండి: 'ప', 'పల', 'పలక'. బొమ్మను చేత్తో మూసేయండి, చదివాక చూపించండి.

తప్పు చదివినప్పుడు చేయాల్సిన వరస ఇది. ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి. తానే దిద్దుకోకపోతే తప్పిన అక్షరం కింద వేలు పెట్టండి. అప్పటికీ రాకపోతే మీరే చెప్పేయండి. తర్వాత మాట మొత్తం, ఆపైన వాక్యం మొత్తం తాను మళ్లీ చదవాలి. "కాదు", "మళ్లీ తప్పు", "నిన్ననే కదా చెప్పా" అన్న మాటలు ఈ వరసలో ఎక్కడా లేవు.

తెలుగులో అసలు గండం పొడుగు మాటలు. 'ఆడుకుంటున్నారు' చూడగానే పిల్లాడు చేతులెత్తేస్తాడు. పెన్సిలుతో నిలువు గీత పెట్టండి: ఆడు | కుంటున్నారు. 'బడిలోపలినుంచి' అయితే బడి | లోపలి | నుంచి. తరచూ వచ్చే తోకలను ఒక్క ముక్కగా గుర్తుపట్టేలా విడిగా నేర్పండి: '-తున్నాడు', '-కుంటున్నారు', '-లోపల', '-కోసం', '-నుంచి', '-వాళ్లు'. ఇరవై తోకలు చూడగానే వచ్చాయంటే పేజీలో సగం బరువు దిగిపోతుంది. తెలుగు చెప్పే టీచర్లు కూడా ఈ పని ఎందుకు చేయరో నాకు అంతుపట్టదు.

6. వత్తులు

ముందు జంటలు: 'అక్క', 'అమ్మ', 'పిల్ల', 'చెప్పు', 'అత్త'. ఇవి నోటికి బాగా తెలిసిన మాటలు. క, త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, కాబట్టి వాటికి ప్రత్యేకంగా అట్టముక్కలు చేయండి. ఒకవైపు అక్షరం, రెండోవైపు వత్తు. మిగతావి చాలావరకు తలకట్టు తీసేసిన అక్షరాలే, త్వరగా పట్టుబడతాయి.

తర్వాత అసలు చిక్కు. 'భక్తి'ని 'భకిత' అని చదివే పిల్లలు కోకొల్లలు. వాళ్ల కంటికి అది సరైనదే, గుడి 'క' నెత్తిన ఉంది కదా! పలికేటప్పుడు మాత్రం అది కింద ఉన్న 'త'కు చెందుతుంది. ఇది చెప్పకుండా వంద మాటలు చదివించినా లాభం లేదు. రెండు ముక్కలు తీసుకోండి, ఒకదానిమీద 'క్', ఇంకోదానిమీద 'తి'. రెండూ పక్కపక్కన పెట్టి చదివించండి, తర్వాత కలిపి 'క్తి' రాసి చూపించండి. సూత్రం ఒక్కటే: పైది సగం, కిందిది పూర్తిగా, గుర్తు ఆఖర్న. 'శక్తి', 'ముక్తి', 'యుక్తి' అయ్యాక 'గప్తి', 'లక్తు' లాంటి అర్థం లేని మాటలతో సరిచూడండి.

7. వేగం

తెలుగులో అక్షరానికీ శబ్దానికీ పొంతన బాగా ఉంటుంది. అందుకే మన పిల్లల్లో కొందరు తప్పులు తక్కువే చేసినా విపరీతంగా నెమ్మదిగా చదువుతారు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతారు. "వీడికి చదవడం వచ్చు కానీ అర్థం కాదు" అని మనం అనుకుంటాం.

50, 60 మాటల చిన్న కథ ముక్క తీసుకోండి. ముందు మీరు చదివి వినిపించండి. తర్వాత పిల్లాడు మూడుసార్లు చదవాలి. చివరిసారి నిమిషం పెట్టి, సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాయండి. నిన్నటి లెక్కతో పోల్చండి, క్లాసులో వేరే పిల్లాడితో కాదు. ఇరవై మాటల్లో రెండుకు మించి తప్పులు వస్తుంటే ఆ ముక్క కష్టమైంది, మార్చండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

వారానికోసారి అర్థం లేని మాటలు పది రాయండి, ఆ వారం నేర్పిన గుర్తులతోనే. ఎనిమిది సరిగా చదివితే ముందుకెళ్లండి. ఆరో ఏడో అయితే ఇంకో వారం. అంతకంటే తక్కువైతే ఒక మెట్టు వెనక్కి. దాటిపోయిన మెట్టును రెండు వారాల తర్వాత చెప్పకుండా మళ్లీ పరీక్షించండి. అప్పుడూ నిలిచి ఉంటేనే నేర్చుకున్నట్టు.

రోజూ చేసినా రెండు నెలల్లో నోటుబుక్కులో అంకెలు కదలకపోతే స్పెషల్ ఎడ్యుకేటర్‌కు చూపించండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో అడగవచ్చు. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకెళ్లండి. "అస్సలు చదవడు" అన్న మాటకంటే అందులోని పేజీలు వాళ్లకు ఎక్కువ చెబుతాయి.

అందరూ చేసే తప్పులు

పదేసిసార్లు రాయించడం. అన్నిటికంటే ఎక్కువ సమయం తినేదీ, అన్నిటికంటే తక్కువ ఫలితమిచ్చేదీ ఇదే. చూసి రాయడానికి చదవడం రానక్కర్లేదు. బొమ్మ గీసినట్టు గీసేస్తాడు, మూడో వరస నుంచి మొదటి వరసలోని తప్పునే దించుతాడు.

జవాబులు బట్టీ పట్టించి పరీక్ష గట్టెక్కించడం. ఆ ఏడాది మార్కులు వస్తాయి, లోపం ఏడో తరగతిదాకా దాక్కుంటుంది.

క్లాసులో అందరి ముందూ లేచి చదవమనడం. టీచరుగా మీరు ఎవరినీ వదలకూడదనుకుంటే, రేపు చదవాల్సిన నాలుగు లైన్లు ఇవాళే చెప్పండి. ఇంట్లో చదువుకుని వస్తాడు.

"నిన్న వచ్చింది, ఇవాళ రాలేదంటే కావాలనే చేస్తున్నాడు." అలా జారిపోవడం ఈ ఇబ్బందిలో భాగమే. దానికే డబ్బాలు, వారం వారం సరిచూడటం.

తెలుగు, ఇంగ్లీషు, హిందీ మూడూ ఒకేసారి నేర్పడం. ఇంట్లో మాట్లాడే భాషలో కలిపి చదవడం నిలబడేదాకా మిగతా రెంటినీ నోటిమాటతో సరిపెట్టండి. ఇంగ్లీషు మీడియం అయితే పూర్తిగా ఆపలేరు. అక్కడ రోజుకు ఐదు నిమిషాలు చాలు, స్పెల్లింగుల మీద పోరు వద్దు.

చదవడం వచ్చేదాకా మిగతా సబ్జెక్టులు ఆపేయడం. ఇది టీచర్లు ఆలోచించాల్సిన సంగతి. సైన్సు, సోషల్ పాఠాలు ఇంట్లో ఎవరైనా చదివి వినిపించాలి. క్లాసులో ప్రశ్న పైకి చదివి, జవాబు నోటితో చెప్పించి మార్కు వేయండి. అక్షరదోషాలకు సైన్సులో మార్కులు కోయకండి. లెక్కల్లో రాతలెక్క (మాటల్లో ఇచ్చే లెక్క) చదివి పెడితే చేసేస్తాడా అని చూడండి. చేస్తే ఇబ్బంది లెక్కలో లేదు. అంకెలు ఒకదానికింద ఒకటి నిలవకపోతే గళ్ల పుస్తకం, ఎక్కాలు గుర్తుండకపోతే ఎదురుగా ఎక్కాల పట్టిక పెట్టనివ్వండి. లెక్కలంటేనే అయోమయంగా ఉండే పిల్లల సంగతి వేరు, అది ఇందులో ఇమడదు.

సర్టిఫికెట్, పరీక్షలు

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన వైకల్యం ఒకటి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు లాంటి మార్పులు చేయాలని ఆ చట్టంలోని 17వ సెక్షన్ చెబుతోంది. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని రాత పరీక్షల మీద కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. సర్టిఫికెట్ మామూలుగా ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. చూపు, వినికిడి, తెలివితేటల పరీక్షలయ్యాక చదవడం, రాయడం, లెక్కలు చూస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో దీనికి ప్రభుత్వ వైకల్య సర్టిఫికెట్ల వ్యవస్థ ద్వారా దరఖాస్తు చేసుకోవాలి.

పదో తరగతి ఫీజు కట్టే సమయానికి పరిగెత్తకండి. అపాయింట్‌మెంట్లకే నెలలు పట్టవచ్చు. ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టి, మీ బోర్డు ఏయే వెసులుబాట్లు ఇస్తుందో, ఏ ఫారం ఎప్పుడు ఇవ్వాలో హెడ్మాస్టరుతో రాతపూర్వకంగా తెలుసుకోండి.

రాసిపెట్టే మనిషి దొరికితే చాలదు, సాధన కావాలి. జవాబు ముందు మనసులో కట్టుకుని, వాక్యం వాక్యంగా చెప్పడం, ఎక్కడ పేరా మార్చాలో చెప్పడం, రాసింది తిరిగి చదివి వినిపించమని అడగడం పిల్లాడికి అలవాటు కావాలి. తొమ్మిదో తరగతి యూనిట్ పరీక్షల నుంచే అలా రాయించమని బడిని అడగండి. అదనపు సమయం కూడా అప్పటినుంచే వాడుకోనివ్వండి. లేకపోతే అందరూ లేచి వెళ్లిపోతుంటే తనూ పేపరు ఇచ్చేసి వచ్చేస్తాడు.